‘పేషెంటు కదిలాడు’ అని రాశాం

మెదడు పనిచేస్తుండగా ఎమ్మారైతో బొమ్మలు తీసి, ఆ అంకెలు లెక్కగట్టి బతికే మావాళ్ళ రిపోర్టుల్లో తరచుగా కనబడే వాక్యం ఒకటుంది: ‘పేషెంటు కదిలాడు, డేటా పనికిరాదు.’ ఏలూరు నుంచో కైకలూరు నుంచో తెల్లారుజామున బస్సెక్కి వచ్చి, విజయవాడలోనో హైదరాబాదులోనో ఆ గొట్టంలో పడుకుని, కదలొద్దన్నారు కదా అని గుటక కూడా మింగకుండా బిగుసుకుపోయిన మనిషి గురించి మేం అలా రాసేశాం. అలా రాసినవాటిలో కొన్నిసార్లు కదిలింది ఆయన తల కాదు, మా అయస్కాంత క్షేత్రం. తెలియక చేసిన పొరపాటని తప్పించుకోవడానికి లేదు. చదువుకునేటప్పుడే మాకు ఈ సంగతి చెప్పారు. చూసుకునే ఓపిక లేకపోయింది, అడిగేవాళ్ళూ లేకపోయారు.

‘మేము’ అంటున్నది ఎవరినో చెప్పాలి. యంత్రం నడిపే టెక్నీషియన్లు, రిపోర్టు రాసే డాక్టర్లు, వెనక గదిలో కంప్యూటర్ల ముందు కూర్చునే నాలాంటి లెక్కలవాళ్ళు, అమెరికాలో, ఇంగ్లండులో ఇదే పనిలో ఉన్న మన తెలుగువాళ్ళు, అందరమూ. తప్పు అందరిదీ అంటే ఎవరిదీ కాకుండా పోతుందని నాకూ తెలుసు. అందుకే తీసిన బొమ్మ ఎవరి చేతిలో ఎలా చెడుతుందో విడమరిచి చెబుతాను.

కొల్లేటి గట్ల మీద చేపల కాటా చూసినవాళ్ళకు మొదటి సంగతి చప్పున అర్థమవుతుంది. ఖాళీ ట్రే పెట్టి కాటాను సున్నా చేస్తారు. ఆ తర్వాత ట్రే అడుగున నీళ్ళు పేరుకుంటాయి, ఐసు ముక్కలు ఇరుక్కుంటాయి. కొంతసేపటికి ఖాళీ ట్రే పెట్టినా కాటా ఎంతో కొంత బరువు చూపిస్తుంది. గట్టి వ్యాపారి మధ్యమధ్యలో మళ్ళీ సున్నా చేయమంటాడు. మా యంత్రంలోనూ సున్నా జరుగుతుంది. మూడు టెస్లాల అయస్కాంతంలో హైడ్రోజన్ కేంద్రకాలు సెకనుకు సుమారు 12 కోట్ల 77 లక్షల సార్లు తిరుగుతాయి. ఆ సంఖ్యలో పది తేడా వస్తే మా బొమ్మ చెదురుతుంది. కోటికి ఒకటి కూడా కాని తేడా అది.

తేడా ఎందుకొస్తుంది? ద్రవ హీలియంలో మునిగి ఉన్న పెద్ద తీగచుట్ట వల్ల సాధారణంగా కాదు, దాని నిలకడ గొప్పది. క్షేత్రాన్ని సమం చేయడానికి గొట్టం చుట్టూ అమర్చిన చిన్న చిన్న ఇనుప ముక్కలు ఉంటాయి, గొడవ వాటితో. వాటి పక్కనే గ్రేడియంట్ కాయిల్స్ సెకనుకు వందలసార్లు మారే కరెంటుతో టకటకమని మోగుతూ వేడెక్కుతాయి. ఆ వేడి ఇనుప ముక్కలకు పాకుతుంది. వేడెక్కిన ఇనుము అయస్కాంత బలం కాస్త తగ్గుతుంది, దాంతో మొత్తం క్షేత్రం మెల్లగా ఒక పక్కకు జరుగుతుంది. యంత్రాన్ని చల్లబరిచే చిల్లర్ నీళ్ళ వేడి మారినా ఇదే కథ. మే నెలలో మన వైపు ఎండ, కరెంటు కోతలు, జనరేటరు మీద బండి నడపడం తెలిసినవాళ్ళకు ఆ చిల్లర్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

మెదడు పనితీరును పట్టే పద్ధతిని 1990లో సెయిజీ ఒగావా చూపించాడు. ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం అయస్కాంతానికి వేరువేరుగా స్పందిస్తాయి. మెదడులో ఒక చోట పని పెరిగితే అక్కడి సంకేతం నూటికి ఒకటో రెండో పాళ్ళు పెరుగుతుంది. మేం పట్టాల్సింది అంతే. దాన్ని పట్టడానికి రెండు మూడు సెకన్లకొకసారి మొత్తం తల బొమ్మను ఒక్క ఊపులో లాగుతాం. ఈ తొందరకు మూల్యం ఉంది. బొమ్మలో ఒక దిశ, సాధారణంగా నుదురు నుంచి వెనక్కి, క్షేత్రంలో వచ్చే చిన్న తేడాను కూడా స్థానంలో తేడాగా రాసుకుంటుంది. ఒక పొర బొమ్మ చదవడానికి 32 మిల్లీసెకన్లు పట్టేచోట, క్షేత్రం 10 హెర్ట్జ్, అంటే ఆ తిరుగుడులో సెకనుకు పది సార్లు, జరిగితే బొమ్మ గడిలో మూడో వంతు పక్కకు పోతుంది. మూడు మిల్లీమీటర్ల గడి అయితే ఒక మిల్లీమీటరు. 30 హెర్ట్జ్ అయితే గడికి గడే. తలను సరిచేసే మా ప్రోగ్రాముకు క్షేత్రమంటే ఏమిటో తెలియదు. బొమ్మ జరిగింది కాబట్టి తల జరిగిందంటుంది. కదలిక గ్రాఫులో ఏటవాలుగా నున్నగా ఒక గీత వస్తుంది. మేం దాన్ని చూసి పేషెంటును తప్పుపడతాం.

నిజంగా తల మెల్లగా దిండులోకి దిగబడినా దాదాపు అలాంటి గీతే వస్తుందని మావాళ్ళు ఎదురు చెబుతారు. చెప్పాల్సిందే, అది నిజం కూడా. రెండింటినీ వేరు చేసే సాక్ష్యం యంత్రమే ఇస్తుంది. ప్రతి బొమ్మకూ రెండు భాగాలుంటాయి. ఒకటి బలం, రెండోది ఫేజ్, అంటే కేంద్రకాలు తిరుగుడులో ఎక్కడిదాకా వచ్చాయన్నది. క్షేత్రం 10 హెర్ట్జ్ జరిగితే 30 మిల్లీసెకన్ల దగ్గర ఫేజ్ 108 డిగ్రీలు తిరుగుతుంది. కళ్ళకు కొట్టొచ్చినట్టు కనబడేంత తేడా ఇది. మరి ఆ ఫేజ్ బొమ్మల్ని మేం ఏం చేశాం? దాచనే లేదు. డిస్కు నిండిపోతుందని, సర్వరుకు పంపడానికి టైము పడుతుందని, యంత్రం కొన్ననాటి సెట్టింగులో ఆ పెట్టెలో టిక్కు పెట్టి లేదని వదిలేశాం. నిరపరాధిత్వం రుజువు చేసే కాగితాన్ని మేమే చించేసి, ఆ తర్వాత తీర్పు రాశాం. మా నేరాల్లో నాకు అన్నిటికన్నా సిగ్గనిపించేది ఇదే.

ఇక క్షేత్రపు జరుగుడును ‘సరిచేయడం’. ఎంత జరిగిందో కొలిచి తీసేయడం ఒక పద్ధతి. ప్రతి బొమ్మకూ ముందు చిన్న సంకేతం తీసుకుని పౌనఃపున్యం చూసుకోవచ్చు, దాన్నిబట్టి అప్పటికప్పుడు యంత్రాన్ని సర్దవచ్చు. తల చుట్టూ క్షేత్రాన్ని కొలిచే చిన్న ప్రోబులు పెట్టే పద్ధతి కూడా వచ్చింది. మేం ఎక్కువగా చేసేది ఇవేవీ కాదు. అంతా అయ్యాక, కంప్యూటర్లో, నెమ్మదిగా మారే ప్రతిదాన్నీ ఒక్క వేటుతో నరికేయడం. ఎస్.పి.ఎం. అనే ప్రోగ్రాములో 128 సెకన్లు, ఎఫ్.ఎస్.ఎల్.లో 100 సెకన్లు. అంతకన్నా నిదానంగా మారేదంతా చెత్తబుట్టలోకి. ఎ.ఎఫ్.ఎన్.ఐ. వాడేవాళ్ళు స్కాను నిడివిని సెకన్లలో తీసుకుని 150తో భాగించి ఒకటి కలిపి, ఆ డిగ్రీ వక్రరేఖను తీసేస్తారు. ఈ 128 ఎందుకు 128 అయిందని థీసిస్ పరీక్షలో అడిగితే మాలో ఎంతమందిమి చెప్పగలం? పైగా ఇలా నరకడం వల్ల గడిలో సంకేతం ఎగుడుదిగుడు సర్దుకుంటుందేమో గానీ, గడి మొత్తం పక్కకు జరిగిపోతే మెదడులో వేరే చోటు సంగతి ఇక్కడిదిగా లెక్కలోకి వచ్చేస్తుంది. ఫిల్టరు దాన్ని వెనక్కి తేలేదు. మూర్ఛకు ఆపరేషన్ చేసే ముందు మాట పలికించే భాగం ఎక్కడుందో చూడమని సర్జన్ అడిగినప్పుడు మిల్లీమీటరు చిన్న విషయం కాదు.

ఇంకా ఉంది. నరాల దారుల్ని చూపే డిఫ్యూజన్ స్కాను గ్రేడియంట్లను బాగా వేడెక్కిస్తుంది. దాని వెంటనే పనితీరు స్కాను పెడితే క్షేత్రం జరుగుతూ ఉన్న సమయంలోనే బొమ్మ తీసినట్టు. వరుస మార్చితే పోతుంది, ఖర్చు లేదు. మార్చలేదు, ఎందుకంటే ఆ ప్రోటోకాలు ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు. పొద్దున్నే జెల్లీ నింపిన గుండు పెట్టి పది నిమిషాలు స్కాను చేస్తే ఆ రోజు యంత్రం ఎలా ఉందో తెలుస్తుంది. బుకింగులు ఎక్కువున్న రోజున ముందు తీసేసేది ఆ పది నిమిషాలనే. పేపరు రాసేటప్పుడు మాత్రం ‘హై పాస్ ఫిల్టర్ వేశాం’ అని ఒక ముక్క. జరుగుడు ఎంత, ఎటు, ఏ స్కాను తర్వాత అన్నది ఉండదు.

2021లో ఒక అంతర్జాతీయ బృందం ప్రపంచంలో వేరువేరు చోట్ల ఉన్న 95 మూడు టెస్లా యంత్రాల మీద ఒకే పరీక్ష పెట్టింది. పనితీరు స్కానుకు ముందు, తర్వాత పౌనఃపున్యం ఎంత జరుగుతుందో కొలిచింది. కంపెనీని బట్టి, మోడలును బట్టి తేడా ఉంది, స్కాను తర్వాత జరుగుడు పెరిగింది. వాళ్ళు కొలిచింది స్పెక్ట్రోస్కోపీ కోసం, అంటే బొమ్మ కాకుండా మెదడులోని రసాయనాలను చూసే పద్ధతి కోసం. ఇక్కడ మన వైపు పేరొకటి తగులుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కచ్చితంగా కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. ఇవాళ మెదడు స్పెక్ట్రంలో క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ కలిసి ఒకే శిఖరంగా కనబడతాయి. మిగతా రసాయనాలన్నిటినీ మేం దానితోనే భాగించి చెబుతాం. దాని పక్కనే కోలిన్ శిఖరం, మధ్య దూరం మూడు టెస్లాల దగ్గర సుమారు పాతిక హెర్ట్జ్. స్కాను సాగుతుండగా క్షేత్రం పది పదిహేను హెర్ట్జ్ జరిగితే ఆ రెండూ ఒకదానిలోకొకటి అలుక్కుపోతాయి. సుబ్బారావు మావాడని చెప్పుకోవడానికి ముందుంటాం. ఆయన పనిలో అసలు గొప్పతనం కొలత శుభ్రతలో ఉందని మాత్రం మా చేతులకు ఎక్కలేదు.

ప్రపంచమంతా ఇంతే కదా అనవచ్చు. 2009లో అమెరికాలో చచ్చిన సాల్మన్ చేపను స్కానులో పెట్టి, లెక్క సరిచూసుకోకపోతే దాని మెదడు కూడా ‘ఆలోచిస్తున్నట్టు’ కనబడుతుందని చూపించారు. 2016లో స్వీడన్ నుంచి ఆండర్స్ ఎక్లుండ్ వాళ్ళు మేం రోజూ వాడే ప్రోగ్రాముల్లో ఒక రకం లెక్క, లేని స్పందనను ఉన్నట్టు చూపే అవకాశం కొన్ని సందర్భాల్లో నూటికి 70 దాకా వెళ్తోందని బయటపెట్టారు. కాన్ఫరెన్సుల్లో ఆ చేప స్లైడు చూసి మేమూ నవ్వాం. తిరిగొచ్చి పాత డేటా తెరిచి చూసుకున్నవాళ్ళు తక్కువ. మన మెదళ్ళకు కొలబద్దగా ఏళ్ళతరబడి మాంట్రియల్‌లో 152 మందితో కట్టిన నమూనానే వాడాం. ట్రిపుల్ ఐటీ హైదరాబాదు, త్రివేండ్రం శ్రీచిత్ర సంస్థ కలిసి వందమంది భారతీయుల మెదళ్ళతో నమూనా కట్టింది 2019లో. పాశ్చాత్య నమూనాతో పోలిస్తే మన మెదళ్ళు సగటున కాస్త చిన్నవని అప్పుడు చెప్పుకున్నాం.

ఈ అలవాటు గదిలోనే ఆగిపోతే ఇంత రాయను. నెమ్మదిగా మారేదంతా చెత్త అన్న బుద్ధి మాతోపాటు బయటికీ వచ్చింది.

2020 డిసెంబరు మొదటి శనివారం నుంచి ఏలూరు వన్ టౌన్‌లో జనం నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే పడిపోయారు. దక్షిణపు వీధి, కొబ్బరితోట. నోట నురగ, ఫిట్స్, కొంతసేపటికి తేరుకోవడం, తలనొప్పి. కొద్ది రోజుల్లో 600 మందికి పైగా ఆస్పత్రికి చేరారు, ఒకరు చనిపోయారు. సీటీ స్కాన్లు మామూలుగా ఉన్నాయి. వెన్నులోంచి తీసిన నీరూ మామూలే. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. తర్వాత నిపుణులు క్రిమిసంహారక మందుల అవశేషాల వైపు వేలు చూపించారు. నీళ్ళు, పాలు, కూరగాయలు అన్నీ పరీక్షకు వెళ్ళాయి. దేశంలోని పేరున్న సంస్థలన్నీ ఆ వారం ఏలూరులోనే ఉన్నాయి.

మేం ఎక్కడున్నాం? అది మెదడు జబ్బు. మెదడు మా వృత్తి. ఆ వారం ఎమ్మారై ఏదో తేల్చేసేదని నేననను. విషం పేరు స్కాను చెప్పదు. మా పని ఆ తర్వాత మొదలవ్వాలి. టీవీలు వెళ్ళిపోయాక, పడిపోయి లేచిన పిల్లలు బడికి తిరిగి వెళ్ళాక.

అలా పని చేస్తే ఏం తెలుస్తుందో మాకు తెలుసు. సిన్సినాటిలో 1979 నుంచి 1984 మధ్య పుట్టిన పిల్లల్ని కడుపులో ఉండగానే నమోదు చేసి, చిన్నప్పుడు క్రమంగా రక్తంలో సీసం కొలుస్తూ వచ్చారు. వాళ్ళు పెద్దయ్యాక వాళ్ళలో 42 మందిని స్కానులో పడుకోబెట్టి, ఒక నామవాచకం వినిపించి దానికి తగ్గ క్రియలు తల్చుకోమన్నారు. 2006లో ఆ ఫలితం అచ్చయింది. చిన్నతనంలో సీసం ఎక్కువున్నవాళ్ళకు ఎడమవైపు ముందరి భాషా ప్రాంతంలో స్పందన తగ్గింది. 2008లో అదే సమూహంలోంచి 157 మంది మీద చేసిన పని, మెదడు బూడిద పదార్థం కొన్ని చోట్ల తరిగిందని చూపింది. ఈ ఫలితాలకు విలువ ఇచ్చింది గొప్ప స్కానరు కాదు, పాతికేళ్ళ కిందటి రక్తం లెక్కల పుస్తకం. ఆ పేపర్లు మేం జర్నల్ క్లబ్బుల్లో చదివాం. అందులోని గణాంక పద్ధతి మీద వాదించుకున్నాం. ఏలూరు వచ్చినప్పుడు అవి గుర్తు రాలేదు.

రక్తంలో సీసం సుమారు నెల రోజుల్లో సగానికి పడిపోతుంది. మిగిలింది ఎముకల్లోకి పోయి ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. అంటే ఆ డిసెంబరులో రక్తం తీయనివాడికి మరుసటి వేసవిలో తీసి లాభం లేదు. అంతకు ముందు ఏలూరు పిల్లల రక్తంలో ఎంత ఉండేదో చెప్పే వరుస లెక్క మా చేతిలో లేదు. అలాంటి లెక్క కావాలని ఏ మీటింగులోనూ మేం అడగలేదు. సున్నా ఎక్కడుందో తెలియనివాళ్ళం, ఎంత జరిగిందో ఎలా చెబుతాం?

నీళ్ళ సంగతికొస్తే, ఏలూరు కృష్ణా, గోదావరి కాలువలు రెండూ వచ్చి కలిసే ఊరు. తమ్మిలేరు ఊరి పక్కనుంచే కొల్లేటికి పోతుంది. బుడమేరు అటునుంచి పట్టణాల మురుగు మోసుకొస్తుంది. సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. 1999లో కొల్లేటిలో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం అన్నారు, 2002లో రాంసార్ జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టారు. గట్లు కొట్టినరోజు ఫొటో ఉంటుంది. గట్టు కట్టిన ఇరవై ఏళ్ళలో అడుగు బురదలో ఏం చేరిందన్నది ఒక రోజులో కనబడేది కాదు, ఆటపాక కొంగల కన్నా నిదానంగా కదిలే విషయం. ఆ లంక గ్రామాల పిల్లలు ఆ చేపే తింటారు. మాలో సగంమందికి చదువు ఫీజు కట్టింది కూడా ఆ చెరువులే. అందుకే కావచ్చు, అడగకపోవడం మాకు సుఖంగా అనిపించింది. ఈ మాట రాసినందుకు మా వైపు కొందరు కోప్పడతారు, కోప్పడనీ.

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్.ఐ.టి. ఉంది. చిల్లర్ నీళ్ళ వేడినీ, గ్రేడియంటు వేడినీ క్షణక్షణం రాసుకునే చిన్న పరికరం కావాలని, మన జిల్లాల ఎమ్మారై సెంటర్లలో పెట్టి ఏడాదిపాటు జరుగుడు లెక్క తీద్దామని ఒక్క ఉత్తరం రాస్తే అక్కడి పిల్లలకు మంచి ప్రాజెక్టు అయ్యేది. ఆ ఉత్తరం మేం రాయలేదు. గూడెం అంటే మాకు రైలు ఆగే స్టేషను, ఉల్లిపాయల మార్కెట్టు. పరికరాలు జర్మనీ నుంచి రావాలి, లోపాలను కూడా జర్మనీ వాళ్ళే కనిపెట్టాలి.

చేయగలిగినవన్నీ చేజారలేదు, ఇది మరీ గుచ్చుకుంటుంది. ఫేజ్ బొమ్మలు దాచడానికి ఒక టిక్కు చాలు. పొద్దున జెల్లీ గుండుకు పది నిమిషాలు చాలు. జరుగుడు గ్రాఫు చూడకుండా ‘పేషెంటు కదిలాడు’ అని రాయకూడదన్న నియమానికి అసలు ఖర్చే లేదు. ఏలూరు విషయంలో కూడా ఒక దారి తెరిచే ఉంది. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ బోస్టన్ పక్కన రెండువేల మందికి పైగా పిల్లల ఊడిన పాలపళ్ళు పోగుచేసి, వాటిలో సీసం కొలిచి, చదువులో వెనకబాటుతో దానికి సంబంధం చూపించాడు. రక్తం మర్చిపోయినదాన్ని పన్ను దాచుకుంటుంది. మన ఇళ్ళల్లో ఊడిన పాలపన్నును పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసురుతారు. దాన్ని అలా విసరకుండా చిన్న సీసాలో వేసి, పేరు, వీధి, తేదీ రాసి ఇమ్మని వన్ టౌన్ బడుల్లో అడిగితే టీచర్లు కాదనరనే అనుకుంటాను. కొలిచే ప్రయోగశాలలు మన రాష్ట్రాల్లోనే ఉన్నాయి. మూడు టెస్లాల యంత్రం వంతు ఆ తర్వాత, పిల్లలు ఎదిగాక వస్తుంది. 2020 డిసెంబరులో మూడేళ్ళున్న బిడ్డకు ఆఖరి పాలదవడపన్ను ఊడేది సుమారుగా 2029లో.